అమ్మకి చెయ్యి పైకి లేవట్లేదు, షుగర్ వల్లే అంటున్నారు, నిజమేనా?

కాకినాడ_కాజా:
అమ్మకి 56, షుగర్ వచ్చి పదేళ్ళు దాటింది. నాలుగు నెలల్నుంచి ఎడమ రెక్క నొప్పి అంటోంది, బియ్యం బస్తా జరిపినప్పుడు పట్టేసిందేమో అనుకుని బామ్ రాసి ఊరుకున్నాం. ఇప్పుడు జడ వేసుకోలేకపోతోంది, జాకెట్టు తొడుక్కోవాలంటే పక్కన నేనుండాలి, రాత్రి ఆ పక్కకి తిరిగిందంటే లేచి కూర్చోవడమే. డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి ఎముక బానే ఉంది, ఫ్రోజెన్ షోల్డర్, షుగర్ వాళ్ళకి వస్తుంది అని రెండు ముక్కల్లో తేల్చేసి భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేద్దాం అన్నారు. స్టెరాయిడ్ మాట వినగానే అమ్మ లేచి వచ్చేసింది. షుగర్ ఉండేది రక్తంలో కదా, భుజానికి ఏం సంబంధం అండీ?

కత్తెర_మాస్టర్:
నాకూ వచ్చిందమ్మా, టైలర్ పని నాది. నాకైతే అసలు షుగర్ ఉందనే తెలీదు, భుజం పట్టేసిందని వెళ్తే ఆ డాక్టర్ ముందు రక్తపరీక్ష రాశాడు, భుజం నొప్పికి రక్తం ఎందుకయ్యా అని గొణుక్కుంటూనే ఇచ్చా, తీరా చూస్తే 280. నేను చేసిన తప్పేంటంటే నొప్పి అని చెయ్యి కదపకుండా పొట్టకి ఆనించి పెట్టుకు కూర్చున్నా, ఇంకా బిగుసుకుపోయింది. కుడిది వదలడానికి ఏడాదిన్నర పట్టింది, హమ్మయ్య అనుకునేలోపు ఎడమది మొదలు.

ఫిజియో_తమ్ముడు:
సంబంధం ఉందక్కా. భుజం కీలు చుట్టూ సంచి లాంటి పొర ఉంటుంది, క్యాప్స్యూల్ అంటాం. అందులో ఉండేవి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ళ తరబడి ఎక్కువుంటే అది ఆ పోగులకి అతుక్కుని ఒకదానికొకటి ముడేసేస్తుంది, పొర మందమై ముడుచుకుపోతుంది. మూడు నెలల షుగర్ అని చేయిస్తారే, హెచ్‌బీఏ1సీ, అందులో చూసేదీ ఈ అతుక్కోవడమే, కాకపోతే అక్కడ హిమోగ్లోబిన్‌కి. మామూలు వాళ్ళలో నూటికి 2 నుంచి 5 మందికి వస్తే షుగర్ వాళ్ళలో 10 నుంచి 20 మంది దాకా ఉంటారు. థైరాయిడ్ ఉన్నా వస్తుంది, అదీ ఒకసారి చేయించండి.

ఇంట్లో ఒకటి చూడండి. మోచేయి నడుముకి ఆనించి ముంజేయిని తలుపు తెరిచినట్టు బయటికి తిప్పమనండి, తర్వాత మీరు మెల్లగా తిప్పండి. మీరు తిప్పినా రాకపోతే కీలు బిగిసినట్టే. మీరు లేపితే లేచి తనంతట తను లేపలేకపోతే మాత్రం అది వేరే గొడవ, లోపల టెండన్, అంటే కండని ఎముకకి పట్టి ఉంచే తాడు లాంటిది, తెగిందేమో చూడాలి.

ఇంజెక్షన్‌కి భయపడాల్సిన పనిలేదు, మొదట్లో నొప్పి ఎక్కువున్నప్పుడే బాగా పనిచేస్తుంది కూడా. కాకపోతే వేశాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, అందుకే షుగర్ డాక్టర్‌కి ముందే చెప్పి ఇంట్లో రోజూ చూసుకోవాలి. షుగర్ కంట్రోల్ అయిపోగానే భుజం వదిలేస్తుంది అనుకోకండి, ముడి పడింది వదలాలంటే టైం పడుతుంది. మొత్తం ఒకటి నుంచి మూడేళ్ళు, షుగర్ వాళ్ళకి ఇంకాస్త మొండిగా ఉంటుంది.

రాయలసీమ_రాగిముద్ద:
ఇవన్నీ ఎందుకు, పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటే సరిపోదా?

ఫిజియో_తమ్ముడు:
అన్నా, పుత్తూరు కట్టుకి జనం పోయేది ఎముక విరిగితే. ఇక్కడ ఏదీ విరగలేదు, కట్టేస్తే ఇంకా బిగుస్తుంది, పైన మాస్టారు చెప్పారు చూడు. దీనికి రోజూ వంగి చెయ్యి లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. ఓర్చుకోగలిగినంతే, పళ్ళు బిగబట్టి లాగొద్దు.

కాకినాడ_కాజా:
అందరికీ థాంక్స్. తలుపు టెస్ట్ చేశా తమ్ముడూ, నేను తిప్పినా రాలేదు. సోమవారం ఇంజెక్షన్‌కి ఒప్పుకుంది, ఈలోపు స్ట్రిప్స్ తెప్పించాలి, మీటర్ ఉంది గానీ అవి అయిపోయి ఎన్నాళ్ళైందో. గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి రోజూ పాకిస్తోంది, ఇవాళ నిన్నటికంటే రెండు వేళ్ళు పైకి పోయిందట. మునివేళ్ళ మీద లేచిందని నా అనుమానం.