గోల్డ్ స్టార్ రేసు సీటు: అసలుదా, తర్వాత చేయించిందా?

అందరికీ నమస్కారం. నా దగ్గర బీఎస్ఏ గోల్డ్ స్టార్ (పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్), డీబీడీ34 మోడల్ ఉంది, ఫ్రేమ్ నంబర్ సీబీ32తో మొదలవుతుంది. బండితో పాటు ఒక సింగిల్ రేసు సీటు వచ్చింది. దానితోనే రెండు నెలలుగా తంటాలు పడుతున్నా.

సీటు అడుగు రేకు ఇనుమే, అయస్కాంతం పెట్టి చూశాను. ముందు రెండు నట్లకి పావు అంగుళం, అంగుళానికి 26 మరల బోల్టు (పాత బ్రిటిష్ కొలత) సాఫీగా ఎక్కుతోంది. ఎం6 (ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు) సరిగ్గా పట్టలేదు. అక్కడ స్పాట్ వెల్డింగ్ చుక్కలు శుభ్రంగా ఉన్నాయి. వెనక పట్టీ కథ వేరు: గడ్డలు కట్టిన ఆర్క్ వెల్డింగ్, దాని నట్లు మాత్రం ఎం6! ఫోమ్ పసుపు రంగులో ఉంది, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది.

దూదితో థిన్నర్ రాస్తే పైన నలుపు పోయి ఎర్ర ప్రైమర్ బయటపడింది, ఇంకా లోపలికి పోలేదు. రెక్సిన్ మెత్తబడుతుందని ఆవిరి పట్టాను, కుట్టు దగ్గర మూడంగుళాలు చిరిగింది (నా తొందర). హైదరాబాద్ పుత్లీబౌలిలో ఇద్దరు సీటు మేస్త్రీలకి చూపిస్తే, ఇద్దరిదీ ఒకటే మాట: "ఇది పారేయండి సార్, కొత్తది కొట్టిస్తాం." అందుకే ఆగిపోయాను. వానల్లో తుప్పు మాత్రం ఆగట్లేదు.

ప్రైమర్ గీకేసే లోపు, ఇది వెనక పట్టీ మార్చిన అసలు రేకా, లేక పాత నట్లు అతికించిన నకలా అన్నది రేకు మీద ఏ గుర్తు చూసి తేల్చుకోవాలి?