హెర్మన్ హాప్ట్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పాతపట్టాలు:
అమెరికా సివిల్ వార్ గురించి చదువుతుంటే ఈయన పేరు తగిలింది. 1862లో వర్జీనియాలో పోటోమాక్ క్రీక్ మీద 400 అడుగుల పొడవు రైలు బ్రిడ్జి తొమ్మిది రోజుల్లో లేపాడంట, అదీ పని తెలియని సిపాయిల్ని పెట్టుకుని. లింకన్ వెళ్ళి చూసి, చిక్కుడు పందిరి కర్రలు, మొక్కజొన్న దంట్లు తప్ప అందులో ఏం లేవు, దాని మీద లోడు రైళ్ళు నడుస్తున్నాయి అన్నాడంట. అసలీయన సోల్జరా, ఇంజనీరా?

వంతెనపిచ్చి:
రెండూ అండీ. 1817లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, 1835లో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో పాసై కొన్ని నెలలకే ఆర్మీ వదిలేసి రైల్వేల్లోకి వెళ్ళిపోయాడు, పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి చీఫ్ ఇంజనీర్ కూడా అయ్యాడు. ఆ బ్రిడ్జికి చుట్టుపక్కల అడవిలో అప్పటికప్పుడు కొట్టిన దుంగలే, బెరడు తీసే టైం కూడా లేదు.

గూడ్స్‌బండి:
బ్రిడ్జి సరే, నాకు మాత్రం ఆయన వ్యాగన్లు ఖాళీ చేయించిన తీరే గొప్ప అనిపిస్తుంది. మా నాన్నగారు గూడ్స్ గార్డు, ఖాళీ రేకు (వ్యాగన్ల వరస) వెనక్కి రాకపోతే లైనంతా చచ్చినట్టే అనేవారు. ఆ యుద్ధంలో లింకన్ వైపు ఆర్మీ రైళ్ళు నడిపించింది హాప్టే, అక్కడి ఆఫీసర్లు వ్యాగన్లని గోడౌన్లలా వాడేసుకునేవాళ్ళు, బండి రాగానే దించి వెనక్కి పంపాల్సిందే అని హాప్ట్ పట్టుబట్టాడు. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం అప్పుడు చూడండి, ఆర్మీకి సరుకు దించే మేరీల్యాండ్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఊరికి వెళ్ళేది సింగిల్ లైను, టెలిగ్రాఫ్ లేదు, బండ్లు పక్కకి తప్పించే సరైన సైడింగుల్లేవు, నీళ్ళ ట్యాంకులు చాలవు. అయినా అయిదేసి రైళ్ళు ఒక గుంపుగా పంపి, అవన్నీ తిరిగొచ్చాకే ఇంకో గుంపు వదిలాడు, ఇంజన్లకి వాగు నీళ్ళు బకెట్లతో తోడి పోయడానికి బకెట్లు కూడా ముందే తెప్పించాడు. వెళ్ళేటప్పుడు తిండి, మందుగుండు, వచ్చేటప్పుడు అవే పెట్టెల్లో గాయపడ్డవాళ్ళు.

పాతపట్టాలు:
మరి యుద్ధం మధ్యలో ఎందుకు వదిలేశాడు?

వంతెనపిచ్చి:
ర్యాంకు ఇస్తామన్నా షరతుల్లేకుండా తీసుకోనన్నాడు, మసాచుసెట్స్‌లో ఆయన కాంట్రాక్టు తీసుకున్న హూసాక్ రైలు టన్నెల్ పని తగాదాల్లో ఉంది, దాన్ని చూసుకునే వీలుండాలని. 1863 సెప్టెంబర్‌లో బయటికొచ్చేశాడు. 1905లో పోయింది కూడా రైల్లోనే, ప్రయాణంలో గుండెపోటు.

పాతపట్టాలు:
గెటిస్‌బర్గ్ అంటే ఇన్నాళ్ళూ ఫిరంగులే అనుకున్నా, బకెట్ల సంగతి ఇప్పుడే వింటున్నా. ఆ వెస్ట్‌మినిస్టర్ లైను పాత మ్యాపు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి ప్లీజ్.