45 దాటాక పొడి చర్మం, మంగు, గడ్డం కింద వెంట్రుకలు: ఇందులో హార్మోన్ల వాటా ఎంత?

హనుమకొండ పార్లర్:
45 నుంచి 55 ఏళ్ల మధ్య ఆడవాళ్లు చెప్పే బాధలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. నెలసరి గతి తప్పినప్పటి నుంచీ ఒళ్లంతా దురద, గోరు తగిలితే కాళ్ల మీద తెల్లటి గీతలు. క్రీమ్ రాసుకున్నా పూట గడవదంటారు. ముఖం ఇంత పొడిగా ఉన్నా దవడల మీద మొటిమలు, గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తున్నాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా వస్తాయి? ఇక బుగ్గల మీద మంగు ఉన్నవాళ్లు మెడికల్ షాపులో ట్యూబు తెచ్చుకుంటున్నారు. రాసినంత కాలం తెల్లగా, ఆపితే మునుపటికన్నా నల్లగా. ఇలాంటివాళ్లకు బ్లీచ్, ఫేషియల్ చేయవచ్చా? ఎవరిని డాక్టర్ దగ్గరికి పంపాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

స్కిన్ ఓపీ:
పొడిదనం, మొటిమలు కలిసి రావడానికి మూలం ఒకటే. అండాశయాల పని తగ్గేకొద్దీ ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ బాగా పడిపోతుంది. ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు, ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి) మాత్రం అంత వేగంగా తగ్గవు, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల నుంచి కూడా వస్తూనే ఉంటాయి. పైగా రక్తంలో వాటిని పట్టి ఉంచే ప్రొటీన్ ఈస్ట్రోజెన్‌తోపాటే తగ్గుతుంది. దాంతో ఆండ్రోజెన్ మొత్తం పెరగకపోయినా దానిదే పైచేయి అవుతుంది. గడ్డం, పైపెదవి మీద నూగు ముదిరి గట్టిపడుతుంది, నడినెత్తిన జుట్టు పలచబడుతుంది, దవడ గీత వెంట మొటిమలు వస్తాయి.

పొడిదనం ఈస్ట్రోజెన్ లేమి వల్ల. చర్మంలో నీటిని పట్టి ఉంచే హయాలురోనిక్ ఆమ్లం, పైపొర కొవ్వులు, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ మూడూ తగ్గుతాయి. నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మపు కొలాజెన్ సుమారు 30 శాతం, ఆపైన ఏటా 2 శాతం చొప్పున పోతుందని లెక్క. అందుకే ఆ అయిదేళ్లలో ముఖం ఒక్కసారిగా జారినట్టు కనిపిస్తుంది.

క్రీమ్ పూట గడవకపోవడానికి చాలాసార్లు కారణం క్రీమ్ కాదు, కొలత. పెద్ద మనిషి ఒంటికి ఒక్కసారి రాయాలంటే దాదాపు 30 గ్రాములు పడుతుంది. 100 గ్రాముల ట్యూబు నెలంతా వస్తోందంటే నామమాత్రంగా రాస్తున్నారన్నమాట. ఖరీదైనది కొంచెం కొంచెం రాయడం కన్నా గ్లిజరిన్, పారఫిన్ ఉన్న చవక క్రీమ్ ధారాళంగా రాయడం మేలు. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించాలి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. చేతులకు, కాళ్లకు రోజూ అక్కర్లేదు. సున్నిపిండితో, పీచుతో రుద్దడం మానాలి. ఈ వయసులో పలచబడిన పైపొర ఆ రాపిడికి తట్టుకోదు. తువ్వాలుతో అద్దుకుని, ఒంట్లో తడి ఉండగానే మూడు నిమిషాల్లోపు క్రీమ్ గానీ కొబ్బరినూనె గానీ రాయాలి. నూనెలో నీళ్లుండవు, ఉన్న తడిని ఆపడమే దాని పని. అందుకే ఆరిపోయిన చర్మానికి నూనె పట్టిస్తే మెరుపు తప్ప లాభం తక్కువ. మడమల పగుళ్లకు రాత్రిపూట 20 శాతం యూరియా క్రీమ్ రాసి సాక్సులు వేసుకోమనండి.

ఇదంతా మూడు, నాలుగు వారాలు చేసినా, దద్దురు లేకుండా దురద మాత్రం ఉంటే హార్మోన్లని సరిపెట్టుకోకూడదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, హిమోగ్లోబిన్, కిడ్నీ, కాలేయ పరీక్షలు చేయించాలి. థైరాయిడ్ తగ్గినా చర్మం అచ్చం ఇలాగే ఎండుతుంది.

ముడతలకు నమ్మదగిన పూత మందు ట్రెటినాయిన్. డాక్టర్ రాస్తే 0.025 శాతంతో మొదలుపెడతారు. రాత్రి ముఖం కడిగి, 20 నిమిషాలు ఆరనిచ్చి, మొత్తం ముఖానికి బఠాణీ గింజంత. మొదట వారానికి రెండు రాత్రులే. పొడి చర్మమైతే ముందు మాయిశ్చరైజర్, దాని మీద ఇది. ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండో వారంలో పొట్టు రేగగానే చాలామంది మానేస్తారు. అప్పుడు మానకుండా రాత్రులు తగ్గించుకుంటే సరిపోతుంది. నెలసరి పూర్తిగా ఆగనివాళ్లకు గర్భం వచ్చే అవకాశం ఇంకా ఉంటుంది, గర్భంలో ఈ మందు పనికిరాదు.

మందుల షాపు:
ఆ ట్యూబు సంగతి నేను చెబుతాను. డబ్బా మీద చూడండి: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటసోన్ 0.1 శాతం. ఈ మూడో పేరు స్టెరాయిడ్. వారంలోనే ముఖం తెల్లబడిందంటే అందులో దాని వాటా పెద్దది. రక్తనాళాలు కుంచించుకుని చర్మం పాలిపోతుంది, అంతే. ఇది డాక్టర్ పర్యవేక్షణలో, రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, కొద్ది వారాలు వాడే మందు. ఫెయిర్‌నెస్ క్రీమ్‌లా ముఖమంతా నెలల తరబడి పూసేది కాదు.

నెలలు దాటితే చర్మం పలచబడి బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలతాయి, పొయ్యి దగ్గర నిలబడితే మండుతుంది, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు కూడా పెరుగుతాయి. హార్మోన్ల వల్ల వెంట్రుకలు వచ్చే వయసులోనే ఇది కూడా తోడవడంతో తప్పంతా వయసు మీద వేసి, ట్యూబు ఆపకుండా వాడేస్తుంటారు. గడ్డం కింద కాకుండా బుగ్గల మీద, కణతల మీద నూగు కొత్తగా పెరిగితే ముందు ట్యూబు గురించి అడగండి.

చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే ముఖం ఎర్రబడి, వాచి, పొక్కులు లేస్తాయి. భయపడి మళ్లీ అదే రాస్తారు. ఈ సుడి నుంచి బయటపడడానికి స్కిన్ డాక్టర్లు తక్కువ బలం స్టెరాయిడ్‌కు మార్చి, రోజు విడిచి రోజు చేసి, అవసరమైతే టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూత మందు మీదికి తెస్తారు. ఇంట్లో సొంతంగా చేసే పని కాదు.

పూత స్టెరాయిడ్లు చాలావాటిని 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు, మా వృత్తిలో ఇది నిజంగా సిగ్గుపడాల్సిన విషయం. బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినొలోన్, మొమెటసోన్, ఈ పేర్లు ముఖానికి రాసే దేని మీద కనిపించినా చీటీ ఎవరు రాశారో అడగండి. అసలు పేర్లే లేని డబ్బాల్లో పాదరసం ఉండవచ్చు. అలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో బయటపడ్డాయి.

గైనిక్ వార్డు:
పై మాటలకు కొంచెం జోడింపు. ఈస్ట్రోజెన్ మాత్రలు, జెల్‌లు (హెచ్ఆర్‌టీ) చర్మం కోసమని మొదలుపెట్టరు. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, యోని పొడిదనం వేధిస్తుంటే ఇస్తారు. చర్మానికి కలిగే మేలు పక్కన వచ్చేది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, కాలేయ జబ్బు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇవ్వరు. మంగు ఉన్నవాళ్లకు హెచ్ఆర్‌టీతో అది పెరగవచ్చు, ముందే చెప్పాలి.

వెంట్రుకల విషయంలో వేగం చూడండి. ఏళ్ల మీద నాలుగైదు గట్టి వెంట్రుకలు రావడం మామూలే. కొద్ది నెలల్లోనే గడ్డం, ఛాతీ, పొట్ట మీద దట్టంగా వచ్చి, గొంతు కూడా బొంగురుపోతే వ్యాక్సింగ్ చేసి పంపేయకండి. టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏఎస్ (రెండూ ఆండ్రోజెన్లే) పరీక్షలు, స్కానింగ్ కావాలి, ఆండ్రోజెన్ తయారుచేసే గడ్డ ఉండవచ్చు. పన్నెండు నెలలు నెలసరి రాకపోతేనే ఆగినట్టు లెక్క. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి.

హనుమకొండ పార్లర్:
చాలా ఉపయోగపడింది. ఇంకొక్కటి. మంగు కాన్పు వయసులో మొదలవుతుందని విన్నాను. మరి 50 దాటాక కొత్తగా నల్లబడేవాళ్లది ఏమిటి?

స్కిన్ ఓపీ:
మంచి ప్రశ్న, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మంగు సాధారణంగా 20–40 ఏళ్లలో, గర్భంలోనో గర్భనిరోధక మాత్రలతోనో మొదలై, నెలసరి ఆగాక కొంత వెలుస్తుంది. రెండు బుగ్గలు, పైపెదవి, నుదురు మీద దేశపటం అంచుల్లా గోధుమరంగులో ఉంటుంది. 50 దాటాక నుదుటి అంచు, కణతలు, చెవి ముందు, మెడ బూడిదరంగులో నల్లబడితే ముందుగా అనుమానించాల్సింది జుట్టు రంగు. అందులోని పీపీడీ అనే రసాయనం కొందరికి దురదే లేకుండా మచ్చ మిగులుస్తుంది. 'నల్ల గోరింటాకు' పేరుతో దొరికే పొడుల్లోనూ అది ఉంటుంది. చెవి వెనక రాసి 48 గంటలు చూసే పరీక్షలో దద్దురు రాలేదంటే రంగు నిర్దోషి అని కాదు. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అతికించి డాక్టర్ చేసే ప్యాచ్ పరీక్షే ఆధారం. రంగు మానేశాక కూడా మచ్చ నెలల మీదే తగ్గుతుంది. బొట్టు పెట్టే చోట మాత్రమే నల్లబడితే కుంకుమ, అక్కడే తెల్లబడితే స్టిక్కర్ జిగురు. మెడ వెనక మఖమల్‌లా మందంగా నల్లబడితే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న సూచన. రుద్దితే ఇంకా నల్లబడుతుంది, షుగరు పరీక్ష చేయించాలి.

మంగుకు ఎండే కాదు, మామూలు వెలుతురు కూడా శత్రువే. రంగు కలిసిన (ఐరన్ ఆక్సైడ్ ఉన్న) సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 పైన, ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా పిండినంత, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి. ఇది లేకుండా ఏ మచ్చ మందూ నిలబడదు.

మీ పార్లర్ వరకు: మంగు మీద బ్లీచ్ వద్దు, అందులోని అమ్మోనియా, పెరాక్సైడ్ మంట పుట్టించి మచ్చను ముదురుస్తాయి. నిమ్మరసం అసలే వద్దు. స్టెరాయిడ్ ట్యూబు వాడుతున్నవాళ్ల ముఖానికి స్క్రబ్, ఆవిరి, వ్యాక్సింగ్ ఏవీ వద్దు. ట్రెటినాయిన్ వాడేవాళ్లు వ్యాక్సింగ్‌కు కనీసం వారం ముందు ఆపాలి, లేకపోతే వ్యాక్స్‌తోపాటు పైపొర లేచిపోతుంది. గడ్డం వెంట్రుకలు గీసినా, కత్తిరించినా మందం పెరగవు. నెరిసిన వెంట్రుకలకు లేజర్ పనిచేయదు, దానికి నల్లరంగే గురి. వాటికి ఎలక్ట్రోలిసిస్ (సన్నని సూదితో కరెంటు పంపి వెంట్రుక కుదురును చంపే పద్ధతి) ఉంది. ముఖం మీద మానని పుండు, ఆకారమో రంగో మారుతున్న పుట్టుమచ్చ కనిపిస్తే ఆ రోజే ముట్టుకోకుండా పంపించండి.