ఈఆర్‌పీ కన్సల్టెంట్ పని సరిగ్గా చేయడం లేదని ఎలా పసిగట్టాలి? (మందుల హోల్‌సేల్, ట్యాలీ నుంచి ఈఆర్‌పీనెక్స్ట్‌కి)

గోడౌన్_లెక్కలు అడిగిన ప్రశ్న:

విజయవాడలో మందుల హోల్‌సేల్, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. గుంటూరులో ఒక గోడౌన్, ఖమ్మంలో ఒక బ్రాంచి. ఐటమ్‌లు దాదాపు 9,000, వాడేవాళ్లు 14 మంది. ట్యాలీ నుంచి ఈఆర్‌పీనెక్స్ట్‌కి (బిల్లులు, స్టాకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్) మారుదామని ఒక కన్సల్టెంట్‌కి పని అప్పజెప్పి ఏడు నెలలయింది. గో-లైవ్ (కొత్త సాఫ్ట్‌వేర్‌లో అసలు పని మొదలుపెట్టే) తేదీ రెండుసార్లు వాయిదా పడింది. డబ్బు 70 శాతం ఇచ్చేశాం. మనిషి మర్యాదస్తుడు. ప్రతి సోమవారం రిపోర్టు పంపుతాడు, అందులో ఎప్పుడూ "85 శాతం పూర్తి" అనే ఉంటుంది. ఆలస్యానికి కారణం మీ డేటాయే అంటున్నాడు. లోపం అతనిదో మాదో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా? ఊరికే నింద వేయడం మాకిష్టం లేదు.

చిట్టా_ఆవర్జా:

శాతాలు పక్కన పెట్టండి. వాటిని కొలిచే కొలబద్ద ఎవరి దగ్గరా లేదు. పోయిన నెల మీ సొంత బిల్లుల్లోంచి చిక్కుగా ఉన్నవి పది తీయండి. టెస్ట్ సైట్‌లో అతని ఎదుటే, మీ బిల్లింగ్ కుర్రాడి చేత ఎంట్రీ చేయించండి. కీబోర్డు మీద కన్సల్టెంట్ చెయ్యి పడకూడదు. ఆ పదింటిలో ఈ మూడూ తప్పకుండా ఉండాలి.

మొదటిది స్కీము. 10+1 (పది కొంటే ఒకటి ఉచితం) మీద 100 స్ట్రిప్పులు 88 రూపాయల చొప్పున కొన్నారనుకోండి, ఉచితంగా 10 వచ్చాయి. స్టాక్ లెడ్జర్‌లో 110 స్ట్రిప్పులు, జీఎస్టీ కాక 8,800 రూపాయలు, అంటే స్ట్రిప్పు 80 అని కనబడాలి. ఉచితంగా వచ్చిన పది స్టాక్‌లోకే రాకపోతే ఫిజికల్ లెక్క తేడా వస్తుంది. వాటికీ 88 కట్టేస్తే స్టాక్ విలువ 880 రూపాయలు ఎక్కువ చూపిస్తుంది. ఒక్క బిల్లుకే ఇంత తేడా అంటే ఏడాది చివర మార్జిన్ లెక్క మొత్తం మారిపోతుంది.

రెండోది ఎక్స్‌పైరీ రిటర్న్. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అంతకుముందు అమ్మిన సరుకు వెనక్కి వచ్చినప్పుడు పాత బిల్లుకి ముడిపెట్టి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వేస్తే రేటు 12. అదే సరుకుని రిటైలరు తన బిల్లు మీద మీకు తిరిగి అమ్మినట్టు పంపితే 5. మీ దగ్గర ఏ పద్ధతి నడుస్తోందో అతను ఎప్పుడైనా అడిగాడా? ఐటమ్ మాస్టర్‌లో (సరుకుల మూల పట్టిక) 12 తీసి 5 పెట్టేసి, పని అయిపోయిందని చెప్పి ఉంటే మందుల వ్యాపారం అతనికి అర్థం కాలేదన్నమాటే.

మూడోది సరుకు బదిలీ. గుంటూరు గోడౌన్ మీ జీఎస్టీ నంబరు కిందే ఉంటే డెలివరీ చలానా చాలు, పన్ను లేదు. ఖమ్మం తెలంగాణలో ఉంది కాబట్టి నంబరు వేరు. అక్కడికి పంపే ప్రతి పెట్టెకీ ఐజీఎస్టీతో (రాష్ట్రం దాటే సరుకు మీద జీఎస్టీ) టాక్స్ ఇన్వాయిస్ కావాలి, టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) కూడా. సరుకు విలువ 50,000 దాటితే రెండింటికీ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. రెండిటినీ ఒకే స్టాక్ ట్రాన్స్‌ఫర్ ఎంట్రీతో చూపిస్తున్నాడంటే అక్కడే ఆపండి.

పదిలో ఏడెనిమిది సాఫీగా నడిచి, మిగతా వాటికి కారణం చెప్పి తేదీ ఇచ్చాడంటే మనిషి పనిమంతుడే. "అది ఫేజ్-2లో చూద్దాం" అనే మాట మూడుసార్లు వినబడితే అనుమానించాల్సిందే.

స్టాక్_సరిచూడు:

పైన చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు ఓపెనింగ్ బ్యాలెన్సులు చూడండి. ఎంత తియ్యగా మాట్లాడినా పనితనం అక్కడ దాగదు.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఓపెనింగ్ స్టాక్, రావాల్సిన బిల్లులు, ఇవ్వాల్సిన బిల్లులు, మిగతా లెడ్జర్లు అన్నీ ఎక్కించేటప్పుడు రెండో వైపు 'టెంపరరీ ఓపెనింగ్' అనే ఖాతాలోకి వెళ్తుంది. అంతా ఎక్కాక అది సున్నా కావాలి. ట్రయల్ బ్యాలెన్స్ తెరిచి ఆ ఒక్క వరుస చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సున్నా కాలేదంటే ఏదో ఎక్కలేదు, లేదా రెండుసార్లు ఎక్కింది. అంతకన్నా చెడ్డది ఇంకొకటుంది: తేడాని ఒక జర్నల్ ఎంట్రీతో సస్పెన్స్‌లోకో (తేలని తేడాలు పెట్టే ఖాతా) క్యాపిటల్‌లోకో నెట్టేసి సున్నా చేయడం. అందుకే బ్యాలెన్స్‌తో ఆగకుండా ఆ ఖాతా లెడ్జర్ లోపలికి వెళ్లి చివరి ఎంట్రీలు చదవండి.

తర్వాత స్టాక్ విలువ, అకౌంట్ విలువ పోల్చే రిపోర్టు తీయండి. రెండూ కలవాలి. స్టాక్ సెట్టింగుల్లో 'నెగటివ్ స్టాక్ అనుమతించు' టిక్ పెట్టి ఉందేమో కూడా చూడండి. బిల్లులు ఆగకూడదని చాలామంది అది పెట్టేస్తారు. లేని సరుకు అమ్ముడుపోతుంది, వెనక తేదీతో కొనుగోలు ఎక్కిస్తారు, అప్పుడు ఆ తేదీ నుంచి విలువలన్నీ మళ్లీ లెక్కకట్టాల్సి వస్తుంది. సిస్టమ్ నత్తనడక నడిస్తే చాలాసార్లు కారణం ఇదే, సర్వర్ చిన్నదై కాదు.

ఇంకొక మాట. తప్పులు దొరికినప్పుడు ఎలా సరిచేస్తున్నాడు? పద్ధతి ప్రకారం డాక్యుమెంట్‌ని క్యాన్సిల్ చేసి, అమెండ్ చేయాలి (అంటే సరిదిద్దిన కొత్త ప్రతి వేయాలి). అలా కాకుండా రాత్రిపూట నేరుగా డేటాబేస్‌లో అంకె మార్చేస్తుంటే స్టాక్ లెడ్జరూ అకౌంట్ లెడ్జరూ విడిపోతాయి. పైగా మీది కంపెనీ. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ (ఏం, ఎప్పుడు మార్చారో చూపే నమోదు) ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ఆడిటర్ రిపోర్టులో రాసేది మీ కంపెనీ గురించి, అతని గురించి కాదు.

కోడ్_కాపలా:

కన్సల్టెంట్ల పక్షాన కొంచెం చెప్పాలి. "మీ డేటాయే కారణం" అనేది చాలాసార్లు నిజమే. ఐటమ్ మాస్టర్‌లో ఒకే పారాసిటమాల్ నాలుగు స్పెల్లింగులతో ఉంటుంది, హెచ్‌ఎస్‌ఎన్ కోడు (జీఎస్టీ కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె) నాలుగంకెల దగ్గరే ఆగిపోయి ఉంటుంది (5 కోట్లు దాటినవాళ్లకి ఆరు కావాలి), బ్యాచ్‌కి ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. అవి తీర్చాల్సింది మీరే. ఏ పేరు ఉంచాలో, ఏది తీసేయాలో అతను చెప్పలేడు.

కాకపోతే డేటా బాగాలేదని అతను ఎప్పుడు, ఎలా చెప్పాడన్నది చూడండి. పని తెలిసినవాడు రెండో నెలలోనే ఎక్సెల్ టెంప్లేట్ ఇచ్చి, ముందు 200 ఐటమ్‌లు ఎక్కించి చూసి, తప్పుల పట్టిక వరుస నంబర్లతో వెనక్కి పంపుతాడు. ఏడో నెలలో నోటిమాటగా "డేటా బాలేదు" అనడం సాకు. మీ మెయిల్స్ తిరగేయండి. ప్రతి పెండింగు పక్కన ఎవరి వంతు, ఏ తేదీ నుంచి అని రెండు గడులు రాసుకుంటే లోపం ఎవరిదో దానంతటదే బయటపడుతుంది. మీ వైపు సంతకం కోసం మూడు వారాలు ఆగిన కాగితాలు అందులో కనిపిస్తే అదీ ఒప్పుకోవాలి.

కస్టమైజేషన్లు (మీ అవసరం కోసం చేసిన మార్పులు) ఎక్కడ రాశాడో తప్పకుండా అడగండి. విడిగా కస్టమ్ యాప్‌లో ఉండాలి. ఈఆర్‌పీనెక్స్ట్ అసలు ఫైళ్లలోనే మార్చి ఉంటే మొదటి అప్‌డేట్‌కే అడ్డం తిరుగుతుంది, లేదా ఆ భయంతో అప్‌డేట్లే ఆగిపోతాయి. జీఎస్టీ మార్పులు అప్‌డేట్ల ద్వారానే వస్తాయి కాబట్టి ఆ ఆగడం ఎక్కువ కాలం కుదరదు. లైవ్ బ్యాకప్‌ని టెస్ట్ సర్వర్‌లో రీస్టోర్ చేసి, మీ ఎదుటే అప్‌డేట్ చేసి, బిల్లు ప్రింట్ తీసి చూపమనండి. ఒక పూట పని. వాయిదా వేస్తున్నాడంటే జవాబు మీకు తెలిసినట్టే.

కౌంటర్ వేగం కూడా కొలవండి. 15 ఐటమ్‌ల బిల్లు ట్యాలీలో ఎంతసేపు, ఇందులో ఎంతసేపు? సాయంత్రం రిటైలర్లు క్యూ కట్టే వేళ బ్యాచ్ ఎంచుకోవడానికి ప్రతిసారీ మౌస్ పట్టుకోవాల్సి వస్తే మీవాళ్లు వారంలో ట్యాలీకి వెళ్లిపోతారు. దగ్గరి ఎక్స్‌పైరీ బ్యాచ్ దానంతటదే ముందు రావాలి.

గోడౌన్_లెక్కలు:

అందరికీ ధన్యవాదాలండీ. ఇప్పుడే చూశాను, టెంపరరీ ఓపెనింగ్‌లో 11 లక్షల పైచిలుకు ఉంది. అతన్ని మార్చాలా? గో-లైవ్ ఈ నెల 16న అంటున్నాడు.

చిట్టా_ఆవర్జా:

వెంటనే మార్చొద్దు. కొత్తవాడు వస్తే పాత పని చదువుకోవడానికే రెండు నెలలు పోతాయి. ఆ 11 లక్షలు, పది బిల్లుల పరీక్షలో ఆగిపోయిన బిల్లులు, అప్‌డేట్ పరీక్ష ఈ మూడింటినీ రాతపూర్వకంగా ఇచ్చి 15 రోజుల గడువు పెట్టండి. మిగిలిన 30 శాతంలో సగం ఇవి తీరాక, సగం మొదటి నెల జీఎస్టీఆర్-1, 3బీ (జీఎస్టీ రిటర్నులు) కొత్త సాఫ్ట్‌వేర్ లెక్కలతో దాఖలయ్యాక ఇస్తామని అందులోనే రాయండి.

గడువు మొదలయ్యేలోపు మీ చేతిలో ఉండాల్సినవి: సర్వర్ రూట్ పాస్‌వర్డ్ (సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చేది), సిస్టమ్ మేనేజర్ లాగిన్, కస్టమ్ యాప్ కోడ్, ఈ-ఇన్వాయిస్ పోర్టల్ ఏపీఐ యూజర్ వివరాలు (సాఫ్ట్‌వేర్ ఆ పోర్టల్‌లోకి వెళ్లే లాగిన్), మీ పేరు మీదే డొమైన్. గొడవ మొదలయ్యాక అడిగితే రావు.

16న మాత్రం ఒప్పుకోకండి. నెల మధ్యలో మారితే ఒకే నెల జీఎస్టీఆర్-1కి సగం బిల్లులు ట్యాలీ నుంచి, సగం ఇందులోంచి తీసి కలపాలి, బిల్లు నంబర్ల సిరీస్ కూడా రెండవుతాయి. 1వ తేదీన మొదలుపెట్టండి. నెల చివరి రోజు రాత్రి కౌంటర్ మూసి మూడు చోట్లా బ్యాచ్‌వారీగా సరుకు లెక్కపెట్టి, ఆ అంకెలే ఓపెనింగ్‌గా ఎక్కించండి.