పాయింట్‌కట్‌కు మెథడ్ పేరు ఆధారమా, అనొటేషన్ ఆధారమా?

రాయగడ జావా:
మా ధాన్యం కొనుగోలు అప్లికేషన్‌లో ఆడిట్ లాగ్ (ఏ మార్పు జరిగిందో నమోదయ్యే చిట్టా) కోసం, సర్వీస్ ప్యాకేజీలో ‘సేవ్’తో గాని ‘అప్‌డేట్’తో గాని మొదలయ్యే మెథడ్లన్నిటినీ స్ప్రింగ్ ఏఓపీ (మెథడ్ లోపలి కోడ్ మార్చకుండానే దాని పిలుపుకు లాగ్ వంటి అదనపు పనిని జోడించే జావా సాధనం) ఎగ్జిక్యూషన్ పాయింట్‌కట్‌తో, అంటే ఆ పని ఏ మెథడ్లకు జోడించాలో చెప్పే నియమంతో, పట్టుకుంటున్నాం. కొత్తగా చేరిన తమ్ముడు ‘రివర్స్‌అడ్వాన్స్’ అనే మెథడ్ రాశాడు. కంపైల్ అయింది, టెస్టులు పాసయ్యాయి, కాని ఒక రైతు బయానా రద్దయిన సంగతి లాగ్‌కు ఎక్కలేదు. నెలాఖరున ఖాతా కలవనప్పుడే అది బయటపడింది. ఇక అనొటేషన్‌కు, అంటే మెథడ్ మీదే ‘@’తో రాసే గుర్తుకు, మారడమే మేలా?

గుణుపురం కోడర్:
తప్పక మారండి. మెథడ్ పేరు మారినా అనొటేషన్ దాన్ని అంటిపెట్టుకొనే ఉంటుంది, చదివేవారికి అక్కడే కనబడుతుంది. 2004లో జావా 5తో అనొటేషన్లు వచ్చాక కూడా పేర్లను నమ్ముకోవడం నాకు సబబుగా తోచదు.

పర్లాకిమిడి సర్వర్:
అన్నయ్యగారూ, ట్రాన్సాక్షన్, క్యాషింగ్ వంటి వాటికి మీ మాట ఒప్పుకుంటాను, ఎందుకంటే అవి ఏ మెథడ్‌కు కావాలో రాసేవారే తేల్చుకోవాలి. ఆడిట్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. పేరు నియమం తెలియని ఆ తమ్ముడికి అనొటేషన్ నియమం మాత్రం తెలిసి ఉండేదా? మరచిపోతే అప్పుడూ ఏ ఎర్రరూ రాదు, రైతు డబ్బు కదిలిన జాడ మళ్లీ మాయమవుతుంది. అందుచేత సర్వీస్ ప్యాకేజీలోని పబ్లిక్ మెథడ్లన్నీ లాగ్‌లోకి వచ్చేలా పాయింట్‌కట్ రాసి, అక్కరలేని వాటికి మాత్రమే ‘ఆడిట్ వద్దు’ అనే అనొటేషన్ తగిలించి మినహాయించాలని నా గట్టి అభిప్రాయం. అలా చేస్తే మరచిపోయినందువల్ల లాగ్‌లో నాలుగు వరుసలు పెరుగుతాయి గాని, ఒక్క లావాదేవీ కూడా తప్పిపోదు.

గుణుపురం కోడర్:
చదివే మెథడ్లన్నీ వచ్చి చేరితే లాగ్‌లో వెతకడం కష్టమవుతుంది. అయినా డబ్బు లెక్క గనుక మీ వాదన ఒప్పుకుంటున్నాను.

రాయగడ జావా:
పర్లాకిమిడి వారు చెప్పినట్టే మార్చి చూశాను. చిత్రమేమిటంటే ‘రివర్స్‌అడ్వాన్స్’ పబ్లిక్ మెథడే అయినా ఇంకా లాగ్‌లోకి రావడం లేదు.

పర్లాకిమిడి సర్వర్:
దాన్ని అదే క్లాస్‌లోని మరో మెథడ్ నుంచి పిలుస్తున్నారేమో చూడండి. స్ప్రింగ్ ఏఓపీ ప్రాక్సీ (అసలు ఆబ్జెక్ట్‌కు ముందు నిలిచి బయటి పిలుపులను అందుకునే మారు ఆబ్జెక్ట్) మీద నడుస్తుంది గనుక, క్లాస్ తనను తాను పిలుచుకున్నప్పుడు ఆ పిలుపు ప్రాక్సీ గుండా వెళ్లదు, పాయింట్‌కట్ ఎంత సరిగ్గా ఉన్నా ఫలితం ఉండదు. ఆ మెథడ్‌ను వేరే బీన్‌లోకి (స్ప్రింగ్ నిర్వహించే మరో ఆబ్జెక్ట్‌లోకి) మార్చండి, లేదా బైట్‌కోడ్‌నే (కంపైలయిన కోడ్‌నే) మార్చే యాస్పెక్ట్‌జే వీవింగ్ వాడండి.

రాయగడ జావా:
అదేనండి, ‘క్యాన్సిల్‌టోకెన్’ లోపలి నుంచి పిలుస్తున్నాం. వేరే బీన్‌లోకి మార్చగానే రద్దు వరుస లాగ్‌లో కనిపించింది.