చర్చ: సర్కారు డబ్బు ముందు బందోబస్తుకా, మూతపడే మిల్లుకా?

సిరొంచ గట్టు:
2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు 60 మందితో మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాలో లొంగిపోయినప్పటి నుంచి మా సంతలో ఇదే చర్చ. నా మాట ఇది. ప్రాణహిత అవతల కాగజ్‌నగర్‌లో సిర్పూర్ కాగితం మిల్లు 2014లో మూతపడింది. తెలంగాణ ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది, కొత్త యాజమాన్యం వచ్చింది, 2018లో మిల్లు మళ్లీ తెరుచుకుంది. ఇక్కడ కష్టాల్లో ఉన్న పరిశ్రమలకూ అలాంటి చేయూత కావాలి. కొత్త పోలీసు క్యాంపుల ఖర్చు ఇక అటు మళ్లించాలి.

ఆలపల్లి రోడ్డు:
అన్నా, తొందరపడకండి. నేను లారీ డ్రైవర్ని. 2016 డిసెంబరులో సూర్జాగఢ్ ఇనుప గని దగ్గర మావోయిస్టులు పదుల కొద్దీ లారీలను తగలబెట్టారు. ఆ తరువాత చాలాకాలం ఆ వైపు కిరాయి అంటే మా ఇంట్లో ఏడుపులే. లొంగిపోయారు కదా అని కాపలా తీసేస్తే సరుకు తోలేవాడు ఎవడు? మిల్లు బతకాలంటే ముందు దారి భద్రంగా ఉండాలి.

వెదురు కట్ట:
మీరిద్దరూ మిల్లు గేటు దగ్గరే ఆగిపోయారు. అడవిలోకి రండి.

మా నాన్న ఏళ్ల తరబడి మిల్లు కాంట్రాక్టరు దగ్గర వెదురు కొట్టాడు. బొంగును బారెడేసి ముక్కలుగా నరికి, పచ్చి వెదురు బద్దతోనే కట్ట బిగించేవాడు. బద్ద అంచు కత్తిలా తెగుతుంది. రాత్రి అన్నం కలపబోతే వేళ్లకు కారం మండి, అమ్మ ముద్దలు చేసి పెట్టేది. కూలి లెక్క కట్టకింత. ఒక్క బొంగు తక్కువైతే కట్ట మొత్తం లెక్కలోకి రాదు.

1980లలో అన్నలకు ఈ ఊళ్లలో చోటు దొరికింది తునికాకు, వెదురు కూలి పెంచమని అడిగినందుకు. తరువాత ఇన్‌ఫార్మర్ ముద్ర వేసి ఆదివాసీలనే చంపారు, దాన్ని నేను ఎన్నడూ ఒప్పుకోను. కానీ కూలి సంగతి ఇంకా తేలలేదు. మిల్లుకు ముడిసరుకు చవగ్గా ఇస్తామంటే ఆ చవక ఎవరి చేతుల మీదుగా వస్తుంది?

2006 అటవీ హక్కుల చట్టం వెదురు మీద హక్కును గ్రామసభకు ఇచ్చింది. మన జిల్లాలోని మేండా లేఖా అనే ఊరు 2009లో హక్కుపత్రం తీసుకుని, 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంది. మిల్లును ఆదుకోండి, నాకు అభ్యంతరం లేదు. గ్రామసభ దగ్గర, గ్రామసభ ఒప్పుకున్న ధరకు కొంటేనే రాయితీ అని రాయండి.

ఆలపల్లి రోడ్డు:
ధర ఎక్కువైతే మిల్లు నీలగిరి, సుబాబుల్ కర్రకు పోతుంది. అప్పుడు వెదురు ఎవరు కొంటారు తమ్ముడూ?

వెదురు కట్ట:
ఆ భయం నాకూ ఉందన్నా. అందుకే ఏడాదికి ఇన్ని కట్టలు కొని తీరాలని ఒప్పందంలో ఉండాలి. ధరలో తేడా వస్తే ప్రభుత్వం భరించి, నేరుగా కొట్టినవాడి ఖాతాలో వేయాలి. క్యాంపులకు ఏళ్ల తరబడి ఖర్చుపెట్టగలిగినవాళ్లకు ఇది బరువు కాదు.

సిరొంచ గట్టు:
యజమానికి రాయితీ ఇస్తే చాలని నేను రాసింది తప్పే, ఈ షరతు ఉండాల్సిందే. తమ్ముడూ, మేండా లేఖా వాళ్లు టెండరు ఎలా పిలిచారో వివరంగా రాయి. మా ఊళ్లో వచ్చే గ్రామసభలో చదివి వినిపిస్తాను.