స్వార్థీ అంటే చామనఛాయా, నలుపా?

పాత ఇంగ్లీషు నవల ఒకటి చదువుతుంటే ఓ నావికుడి వర్ణనలో స్వార్థీ (swarthy) అనే మాట తగిలింది. నవ్వకండి, మన స్వార్థి గుర్తొచ్చి వాడెవడో పరమ స్వార్థపరుడు కాబోలు అనుకుని రెండు పేజీలు అలాగే చదివేశాను. తర్వాత డిక్షనరీ చూస్తే ఒంటి రంగు ముదురుగా ఉన్నవాడట!

పుట్టుక వరకు బాగానే అర్థమైంది. పాత ఇంగ్లీషులో నలుపుకి స్వెయార్ట్ అనేవాళ్లు, జర్మన్ ష్వార్ట్స్, డచ్ జ్వార్ట్, స్వీడిష్ స్వార్ట్ అన్నీ దాని చుట్టాలే, చివర థీ ఉన్న ఇప్పటి రూపం మాత్రం 16వ శతాబ్దంలో వచ్చింది.

నా అసలు డౌట్ వేరే. మూలంలో అచ్చంగా నలుపే అయినా, వాడేటప్పుడు మాత్రం ఎండకి కమిలినవాళ్లకీ, జుట్టు నల్లగా ఉన్న దక్షిణ యూరప్ వాళ్లకీ కూడా వాడేశారు. మరి తెలుగులో ఏమనాలి? చామనఛాయ అంటే మరీ ముద్దుగా ఉంటుంది, కారునలుపు అంటే ఎక్కువైపోతుంది. ఇంకోటి, ఇప్పుడు ఎవరినైనా ఎదురుగా స్వార్థీ అంటే బాధపడతారా? ముదురు రంగుకే వాడే డస్కీ (dusky) అన్నదానికంటే ఇందులో కాస్త మొరటుతనం, అనుమానంగా చూడటం ఉన్నట్టు నాకనిపిస్తోంది. ఇంగ్లీషు బాగా చదివినవాళ్లు ఎవరైనా ఉదాహరణతో చెప్పండి ప్లీజ్.